చేయి నంబరు ఒకటి

ప్రతి ఉదయం నా బీపీ మాత్రను నేనే డబ్బాలోంచి తీసి, మా అప్ప చేతిలో పెట్టి, మళ్ళీ ఆవిడ చేతిలోంచి అందుకుని వేసుకుంటాను. అప్ప అంటే మా వైపు అక్క. పేరు పైడితల్లి. నాకు యాభై రెండేళ్ళు. సూక్ష్మజీవుల మీద డాక్టరేటు చేసినవాణ్ణి, విశాఖపట్నంలో నేరపరిశోధన ప్రయోగశాలలో ఒక విభాగానికి పెద్దను. "మందు మాత్రలో ఉంటుంది గాని నీ చేతిలో ఏముంటుందప్పా" అని రోజూ వెక్కిరిస్తాను. వెక్కిరిస్తూనే చేయి చాపుతాను.

ఆవిడ హస్తవాసి అలాంటిది మరి. అంగన్‌వాడీ టీచరు. పోలియో చుక్కల రోజున నర్సులు ముగ్గురు ఖాళీగా కూర్చున్నా, తల్లులు మాత్రం మా అప్ప వచ్చేదాకా చంటిపిల్లల్ని చంకనేసుకుని నిలబడతారు. జ్వరం వచ్చిన పిల్లవాడికి మొదటి మోతాదు ఆవిడే ఇవ్వాలి. ఆవిడ చేత్తో ఇస్తే వాంతి కాదట. లెక్కలు తీసి చూద్దామని ఒకసారి నేను బయల్దేరితే, "చూడు, చూసి ఏటి సేస్తావు?" అని నవ్వేసింది.

ఆ రోజు మాత్రం నేను వెక్కిరించలేదు, ఆవిడా నవ్వలేదు. మౌళి నమూనాను యంత్రంలో పెట్టే రోజు అది.

చంద్రమౌళి ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. బావ పోయాక మా ఇంట్లోనే పెరిగాడు. ఇంజనీరింగు మూడో ఏడు చదువుతూ, పరీక్షల ముందు రోజు మధ్యాహ్నం, ఇంట్లోనే బల్ల మీద పుస్తకం తెరిచి పెట్టుకుని కుర్చీలోనే పోయాడు. హాస్టళ్ళలో 'చదువు మాత్రలు' అని రహస్యంగా అమ్ముతారు. వేసుకుంటే నిద్ర రాదు, చదివింది బుర్రకెక్కుతుంది అని చెప్పి అంటగడతారు. చూడ్డానికి మామూలు తలనొప్పి మాత్రలాగే తెల్లగా ఉంటాయి. ఎక్కడో దొంగతనంగా తయారుచేసేవాళ్ళకి కొలతల మీద శ్రద్ధ ఉండదు గనక, ఏ మాత్రలో ఎంత విషం పడుతుందో వాళ్ళకే తెలియదు.

పదో రోజున అప్ప నా చొక్కా పట్టుకుంది. "ఆ మాత్ర ఇచ్చిన చెయ్యి నాకు కావాలిరా గౌరీసూ. నువ్వింత సదువుకున్నావు. తెచ్చియ్యి నాకు" అంది.

నా యంత్రం అలా పుట్టింది.

*

మనిషి చేతి మీద బతికే సూక్ష్మజీవుల గుంపు ఆ మనిషిదే, ఇంకొకరికి ఉండదు. వస్తువు ముట్టుకున్నప్పుడల్లా ఆ గుంపులో కొంత దానికి అంటుకుంటుంది. తర్వాత ఇంకొకరు ముట్టుకుంటే దాని మీద ఇంకో పొర. పొరల్లో ఏది ఎప్పటిదో, ఏది ముందో ఏది వెనకో తేల్చడమే మా యంత్రం పని. దానికి 'వరుస' అని పేరు పెట్టాం.

చట్టం కోసం వేసిన కమిటీ వచ్చినప్పుడు ఒక్క జీడిపప్పు పలుకు తీసుకుని ఐదుగురు అధికారుల చేతులు మార్పించాను. చివరికి దాన్ని మాంసం కొట్టునుంచి తెచ్చిన మేక పొట్టలో వేసి, గంటసేపు వెచ్చగా ఉంచి, తీసి యంత్రానికిచ్చాం. ఐదు చేతులూ వరుస తప్పకుండా వచ్చాయి. ఆరో చేయి కూడా ఒకటి వచ్చింది. కమిటీ అధ్యక్షులవారు మేం చూడనప్పుడు దాన్ని తినబోయి, మళ్ళీ ప్లేటులో పెట్టేశారట. ఆయన నవ్వలేక నవ్వి, "ఇంకేం కావాలి డాక్టరుగారూ" అన్నారు.

చట్టం వచ్చేసింది. మత్తుమందు మింగి ఎవరైనా చనిపోతే, చనిపోయినవాడికి ఆ మందు చివరగా అందించిన చేయే ఆ చావుకు బాధ్యత వహించాలి. నేను కాదు వాడని, వాడు కాదు వీడని తప్పించుకోవడానికి వీల్లేదు. కమిటీ నన్నొక్క ప్రశ్న అడిగింది. ఆ చివరి చేతికి తానిచ్చేది ఏమిటో తెలియకుండా ఉండొచ్చా? నేను క్షణం ఆలోచించలేదు. "ఇచ్చే చేతికి తెలియకుండా ఈ పని జరగదు" అని రాసిచ్చాను. చనిపోయిన మేనల్లుడి మీద ఉన్న బాధతో రాశాను. వాళ్ళు నా వాక్యాన్ని దాదాపు అలాగే చట్టంలో ఎక్కించారు.

ఈ రెండేళ్ళలో పద్నాలుగు మందికి శిక్ష పడింది. పద్నాలుగు సార్లూ బోనెక్కి అదే వాక్యం చెప్పాను. పదిహేను నిమిషాల పని. అనకాపల్లి నుంచి వచ్చిన నూకరత్నం అనే ఆవిడ మాత్రం గుర్తుండిపోయింది. లారీ డ్రైవరు భార్య. "గూట్లో పొట్లం తెమ్మన్నాడు బాబూ, తెచ్చిచ్చేను. అందులో ఏటున్నాదో నాకేటి తెలుసు?" అని నన్నే చూస్తూ ఏడ్చింది. ఆవిడ అబద్ధం చెబుతోందనే అనుకున్నాను. యంత్రానికి పొరపాటు రాదని జడ్జిగారికి చెప్పి, ఇంటికొచ్చి భోజనం చేశాను. ఆవిడకి పదేళ్ళు పడింది.

*

చట్టానికి ముందటి చావుల్ని కూడా అందులో చేర్చాక, మౌళి వంతు ఇప్పటికి వచ్చింది. బంధువుల నమూనా నేను ముట్టుకోకూడదు. అందుకని మౌళి పొట్టలోంచి తీసి మూడేళ్ళుగా గడ్డకట్టించి ఉంచిన మాత్ర ముక్కను సువార్తే యంత్రానికిచ్చింది. సువార్త నా దగ్గర రెండేళ్ళుగా పనిచేస్తున్న సైంటిస్టు. నేను పక్క గదిలో కూర్చున్నాను. రిపోర్టు మీద సంతకం మాత్రం నాదే. రాష్ట్రంలో ఆ అధికారం ఇంకెవరికీ లేదు.

ఎవరి చేయి వస్తుందో నాకు ముందే తెలుసు అనుకున్నాను. అభిలాష్ అని అదే కాలేజీలో చదువు మానేసిన కుర్రాడు. మౌళి ఫోనులో వాడి సందేశాలు దొరికాయి. జైల్లో ఉన్నాడు. వాడి చేతి నమూనా యంత్రంలో ఉంది. ఇక ముద్ర వేయడమే తరువాయి.

పదకొండు గంటలకి సువార్త వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"సార్, ఏదో తేడా కొట్టింది. మళ్ళీ పెడతాను."

"ఏం తేడా?"

"మౌళి చేయి రెండుసార్లు వచ్చింది సార్. అభిలాష్ చేయి, దాని మీద మౌళి, దాని మీద ఇంకొకరు, మళ్ళీ మౌళి. చనిపోయినవాళ్ళ చేయి ఎప్పుడూ చివర్న ఒక్కసారే కదండీ వస్తుంది. మాత్ర తీసుకుని, ఎవరికో ఇచ్చి, వాళ్ళ దగ్గర మళ్ళీ తీసుకున్నట్టుంది. అలా ఎందుకు చేస్తారు ఎవరైనా?"

"మధ్యలో ఆ చేయి ఎవరిది?"

ఆమె కాగితం నా ముందు పెట్టింది. అందులో 'చేయి నంబరు 1' అని ఉంది.

సువార్తకి ఆ నంబరు ఎవరిదో తెలియదు. అప్పటికి తనింకా మా విభాగానికి రాలేదు. యంత్రం సిద్ధమయ్యాక అందులో దాచడానికి మొట్టమొదటి చేయి కావలసి వచ్చింది. "బోణీ నా చేత్తో చెయ్యి. మంచి జరుగుద్ది" అని అప్ప పనిగట్టుకుని ఆటోలో వచ్చి, గాజు పలక మీద అరచెయ్యి ఆనించి వెళ్ళింది. నేను వెక్కిరించాను. వెక్కిరిస్తూనే ఆవిడ చేతినే మొదట ఎక్కించాను.

యంత్రం తప్పు అనుకోవాలని ఎంతో అనిపించింది. కానీ ఆ వరుసకు అర్థం ఈ భూమ్మీద ఎవరికైనా తెలిస్తే నాకే తెలియాలి. ఆ రోజు పొద్దున్న ఏడున్నరకి నేను చేసింది అదే కదా. నా చేయి, అప్ప చేయి, మళ్ళీ నా చేయి.

"మా అప్ప" అన్నాను.

సువార్త వెనక్కి తిరిగి తలుపు మూసింది. తర్వాత గబగబా అంది: "మీ టిఫిను డబ్బా ఆవిడే కడతారు కదండీ. ఆవిడ చేతి పొర మీ ద్వారా వచ్చి ఉండొచ్చు. నమూనా చెడిపోయిందని రాసేద్దాం సార్. ఎవరూ అడగరు."

మూడుసార్లు పెట్టాం. కొత్త చేతితొడుగులు, కొత్త పలకలు, నేను మేడ దిగి బయట వేపచెట్టు కింద కూర్చుని. మూడుసార్లూ అదే వచ్చింది.

చెడిపోయిందని రాస్తే అభిలాష్ మీద కేసు కొట్టేస్తారు. ఉన్నదున్నట్టు రాస్తే చట్టం ప్రకారం దోషి మా అప్ప. అప్పుడూ అభిలాష్ బయటికే వస్తాడు. ఎందుకంటే వాడిది చివరి చేయి కాదు. ఎటు తిరిగినా వాడు బయటికే, ఇంత చక్కటి చట్టం చేయించాను నేను.

*

అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్ళేసరికి పిల్లలు పడుకున్నారు. అప్ప గోడకి చేరగిలబడి గుడ్ల పెంకులు తీస్తోంది. నన్ను చూసి లేచింది.

"దొరికిందేటి?"

నేను చాప మీద కూర్చున్నాను. రిపోర్టు చదివి వినిపించడం నాకు అలవాటే. కాగితం మాత్రం జేబులోంచి తియ్యలేదు.

"అప్పా, ఆ రోజు మౌళి నీ చేత ఏమైనా ఇప్పించుకున్నాడా?"

"ఏ రోజు?"

"పరీక్ష ముందు రోజు."

ఆవిడ నుదురు ముడిపడింది. "పెరుగన్నం పెట్టేను. పెన్ను ఇచ్చేను, పరీక్షలకి నా చేత్తో ఇస్తేనే కదా పట్టుకెల్తాడు." మళ్ళీ కూర్చుని ఇంకో గుడ్డు తీసుకుంది. "తలనొప్పమ్మా అన్నాడు. మాత్ర నా చేతిలో ఎట్టి, నువ్వియ్యమ్మా, బేగీ తగ్గుద్ది అన్నాడు. ఇచ్చీసేను. మంచినీళ్ళు కూడా నానే..."

చేతిలో గుడ్డు కింద పెట్టింది. సగం పెంకు తీసిన గుడ్డు.

నేను చెప్పాను. తెల్ల మాత్ర, అభిలాష్, వరుస, నంబరు ఒకటి. ఎంత చిన్న మాటల్లో చెబుదామన్నా పెద్దవైపోయాయి. ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే నేనూ ఏడ్చేవాణ్ణి. ఆవిడ మొహంలో ఏముందో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు. భయం ఉంది. ఇంకేదో కూడా ఉంది.

"అయితే ఆఖరికి నా చేత్తోనే తిన్నాడన్నమాట" అంది.

"అప్పా..."

"ఆడికీ బయమేసిందేమోరా. అదేటో తెలుసు కదా ఆడికి. అందుకే నా చేతికిచ్చేడు. నా చేత్తో ఇస్తే ఏటీ అవదనుకున్నాడు." అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. "నువ్వు సదువుకున్నావు, నువ్వు చెప్పు. నానే చంపీసేనేటి?"

పద్నాలుగు సార్లు బోనులో గుక్క తిప్పుకోకుండా జవాబిచ్చిన ప్రశ్న అది. లేదు, కాదు, నువ్వు కాదు అని ఊరికే అంటూ ఆవిడ మోకాలు పట్టుకున్నాను. ఆవిడ నా మాట నమ్మలేదు. నేనూ ఏం చెబుతున్నానో నాకే తెలియదు. కాదని చెప్పడానికి నాకున్న ఆధారం ఒక్కటే, ఆవిడ నా అప్ప. నూకరత్నం కూడా ఎవరికో అప్పే అయుంటుంది.

ఒక పిల్ల నిద్రలేచి మంచినీళ్ళడిగింది. అప్ప గ్లాసు నింపి, చేతికివ్వకుండా, నేల మీద పెట్టి పిల్ల వైపు జరిపింది.

*

రిపోర్టు ఉన్నదున్నట్టే ఇచ్చాను. గొప్ప పని చేశానని చెప్పుకోను. రాసేటప్పుడు రెండుసార్లు చించేశాను. చెడిపోయిందని రాసిన కాగితం ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది.

కోర్టులో అభిలాష్ తరఫు లాయరు మంచి హుషారుగా ఉంది. నా నోటితోనే తన కక్షిదారుణ్ణి విడిపించుకోబోతోంది మరి.

"డాక్టరుగారూ, మీ యంత్రానికి పొరపాటు వచ్చే అవకాశం ఉందా?"

"లేదండి."

"చివరి చేయి ముద్దాయిది కాదు, మృతుడి తల్లిది. అవునా?"

"అవునండి."

"ఇచ్చే చేతికి తెలియకుండా ఈ పని జరగదు. ఈ మాట ఎవరిదండీ?"

"నాదేనండి."

"అంటే ఆ తల్లికి తెలుసు."

అప్ప వెనక బెంచీలో కూర్చుని ఉంది. చేతులు చీర కొంగులో చుట్టుకుంది. నేను బోను చెక్క పట్టుకున్నాను.

"ఆ మాట తప్పండి" అన్నాను. "యంత్రం చెప్పేది ఎవరు ముట్టుకున్నారనే. ముట్టుకున్నప్పుడు వాళ్ళ మనసులో ఏముందో దానికి తెలియదు. నాకూ తెలియదు. తెలిసినట్టు రాశాను."

కోర్టులో గుసగుసలు మొదలయ్యాయి. జడ్జిగారు కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "మీ అక్కగారి పేరు వచ్చింది కాబట్టి ఇప్పుడు తప్పంటున్నారా?"

"అవునండి. అందుకే తెలిసింది. లేకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

"మరి ఆ పద్నాలుగు కేసుల మాటేమిటి?"

"తెలియదండి. ఎందరు తెలిసి ఇచ్చారో, ఎందరు తెలియక ఇచ్చారో నేను అడగలేదు. అనకాపల్లి నూకరత్నంగారు మాత్రం తెలియదనే చెప్పారు. నేను వినలేదు."

"అయితే ఈ కుర్రాడు నిర్దోషా?" ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నారు.

"కాదండి. వాడికి తెలుసు." అభిలాష్ వైపు తిరిగాను. "ఎంత తెలుసో మాత్రం యంత్రం చెప్పలేదు."

అప్పుడు అభిలాష్ లేచాడు. లాయరు చొక్కా పట్టి లాగుతున్నా కూర్చోలేదు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మూడేళ్ళుగా నా తలలో ఉన్న రాక్షసుడికీ వీడికీ పోలికే లేదు. "సగమే వేసుకోమన్నాను సార్. అంతకుముందు ఇద్దరికి ఏదో అయిందని విన్నాను. అందుకే సగం అన్నాను" అని భోరుమన్నాడు. లాయరు తల పట్టుకుంది. మూడేళ్ళు నేను వెతికిన జవాబు నా యంత్రంలోంచి రాలేదు, వాడి నోటినుంచి వచ్చింది. అయినా నాకు సంతోషం కలగలేదు. వాడి మీద కోపం కూడా ఎక్కడో జారిపోయింది, వెతుక్కున్నా దొరకలేదు.

జడ్జిగారు చట్టాన్నే పై కోర్టుకి పంపుతున్నానన్నారు. అది తేలేదాకా అభిలాష్ జైల్లోనే ఉంటాడు. పద్నాలుగు కేసుల కాగితాలూ మళ్ళీ తెరవమన్నారు. మా అప్ప పేరు నిందితుల జాబితాలో చేరింది. సొంత పూచీ మీద ఇంటికి పంపించారు. నెలకోసారి స్టేషనుకి వెళ్ళి సంతకం పెట్టాలి. నా యంత్రానికి తాళం వేశారు. సువార్త ఏడ్చింది. నేను మెట్లు దిగుతూ, ఇందులో ఎవరు గెలిచారో లెక్కవేసుకోబోయి మానేశాను.

*

తొమ్మిది రోజులు నా మాత్ర నేనే వేసుకున్నాను. అప్ప అంగన్‌వాడీకి సెలవు పెట్టింది. వంట కూడా గరిటెతో వడ్డించి తప్పుకునేది, చేత్తో ఏదీ అందించేది కాదు. పోలియో చుక్కల ఆదివారం ముగ్గురు తల్లులు ఇంటికే వచ్చారు. కోర్టు సంగతి ఊరంతా పాకినా వచ్చారు. "మీ చేత్తోనే వేయండి టీచరుగారూ" అన్నారు. ఆవిడ లోపల గది తలుపు వేసుకుంది. వాళ్ళు చాలాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

పదో రోజు పొద్దున్న నేను డబ్బాలోంచి మాత్ర తీసి, వంటింట్లో పీట మీద కూర్చున్న ఆవిడ ముందు చేయి చాపాను.

"వద్దురా. బయమేస్తంది."

"నాకూ భయంగానే ఉంది."

"మరెందుకు?"

హస్తవాసిని నేను నమ్మను, ఈ రోజుకీ నమ్మను. చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు. పాలు పొంగితే పొయ్యి కట్టేసి మళ్ళీ వచ్చి నిలబడ్డాను.

చివరికి ఆవిడ కొంగులోంచి చేయి బయటికి తీసింది. మాత్ర తీసుకుంది. నాకు వెంటనే ఇవ్వలేదు. కిటికీ వెలుగులోకి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇదేటి మాత్ర?"

"బీపీదే అప్పా. పదేళ్ళుగా ఇస్తున్నావు."

"పేరేటి? ఏ షాపులో కొన్నావు? ఎవులిచ్చేరు? అట్ట తే, చదూతాను."

అట్ట తెచ్చిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, వేలు కింద పెట్టుకుంటూ ప్రతి అక్షరం చదివింది. తయారైన తేదీ చదివింది, గడువు తేదీ చదివింది. చదివిందే మళ్ళీ చదివింది. అప్పుడు మాత్రను నా అరచేతిలో పెట్టింది.

నేను వేసుకుని నీళ్ళు తాగాను. అప్ప నా గొంతు వంకే చూస్తోంది. మాత్ర దిగిపోయిన తర్వాత కూడా చూస్తూనే కూర్చుంది.